సగం అంటే దేనిలో సగం? కమిటీ సభ్యత్వం, ఓటింగ్ నియమాలు ఎలా రాసుకోవాలి

తొమ్మిది మంది ఉండాల్సిన కమిటీ. ఇద్దరు రాజీనామా చేసి వెళ్లిపోయారు, వాళ్ల స్థానాలు ఇంకా నింపలేదు. అలాంటి సమయంలో ఒక ముఖ్యమైన తీర్మానం ఓటుకు వచ్చింది. "మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఆమోదించాలి" అని నియమావళిలో ఉంది. ఉన్న ఏడుగురిలో అయిదుగురు చేతులెత్తారు. ఏడులో మూడింట రెండు వంతులంటే నాలుగుకు కాస్త పైన, అంటే అయిదుగురు చాలు, తీర్మానం నెగ్గింది అన్నారు కొందరు. మొత్తం అంటే తొమ్మిది, ఆరుగురు కావాలి, ఓడిపోయింది అన్నారు మిగతావాళ్లు. అప్పుడు ఆ కమిటీకి కార్యదర్శిని నేనే. ఆ ఒక్క మాటకు అర్థం తేల్చుకోవడానికి రెండు సమావేశాలు పట్టింది. తీర్మానం కావాలనుకున్న ప్రతివాళ్లకూ మొత్తం అంటే ఏడుగా కనిపించింది, వద్దనుకున్న ప్రతివాళ్లకూ తొమ్మిదిగా కనిపించింది. ఎవరూ అబద్ధం ఆడలేదు. నియమం రాసినవాళ్లు ఆ ప్రశ్నకు జవాబు రాయకుండా వదిలేశారు, అంతే.

అప్పటినుంచి ఎవరు కమిటీ నియమాల ముసాయిదా చూపించినా నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే. ఓటింగ్ నియమం ప్రతిదీ ఒక భిన్నం. పైన అనుకూల ఓట్లు, కింద ఏదో ఒక సంఖ్య. ఆ కింది సంఖ్య, అంటే హారం, ఏమిటి? సభ్యత్వ నియమాలు చేసే పని అసలు ఈ హారాన్ని నిర్ణయించడమే. అందుకే సభ్యత్వం సంగతి తేలకుండా ఓటింగ్ నియమాలు రాయడానికి కూర్చోకండి. ఎవరి ప్రతిపాదన బల్ల మీద ఉందో తెలిశాక కూడా కూర్చోకండి. తగవు లేని రోజున రాసుకున్న నియమాన్నే తగవు వచ్చిన రోజున రెండు పక్షాలూ నమ్ముతాయి.

మొదటి మెట్టు: కమిటీకి ఏ అధికారం ఉందో ఒక వాక్యంలో రాయండి

సలహా ఇచ్చే కమిటీ, నిర్ణయించే కమిటీ, అమలు చేసే కమిటీ వేర్వేరు. "ఈ కమిటీ ఫలానా విషయాలపై సిఫారసు చేస్తుంది, తుది నిర్ణయం సర్వసభ్య సమావేశానిది" అనో, "ఫలానా పరిమితి వరకు ఖర్చును ఈ కమిటీయే మంజూరు చేస్తుంది" అనో స్పష్టంగా ఉండాలి. సలహా కమిటీకి కఠినమైన మెజారిటీలు అనవసరం. మెజారిటీ అభిప్రాయంతో పాటు భిన్నాభిప్రాయం కూడా రాతపూర్వకంగా పైకి వెళ్లే ఏర్పాటు ఉంటే చాలు. నిర్ణయించే కమిటీ అయితే కింద చెప్పబోయేవన్నీ కావాలి.

రెండో మెట్టు: ఎంతమంది, ఎవరెవరు

సంఖ్య విషయంలో నా సలహా: స్థిరమైన సంఖ్య పెట్టుకోండి. "అయిదుగురికి తగ్గకుండా, పదకొండు మందికి మించకుండా" అని రాయడం వెసులుబాటుగా కనిపిస్తుంది. కానీ సభ్యులను నియమించే అధికారం ఉన్నవాళ్లు ఓటుకు ముందు ఇద్దరిని చేర్చి ఫలితం మార్చే దారి కూడా అందులోనే ఉంది. పరిధి తప్పదనుకుంటే, ఒక పదవీకాలానికి సంఖ్యను ముందే నిర్ణయించి, ఆ కాలం ముగిసేదాకా మార్చకూడదని రాయండి.

బేసి సంఖ్య పెడితే సరిసమానం రాదని చాలామంది ధీమాగా ఉంటారు. తొమ్మిది మందిలో ఒకరు రాకపోతే ఎనిమిది. తొమ్మిది మందీ వచ్చి ఒకరు తటస్థంగా ఉంటే మళ్లీ ఎనిమిదే. బేసి సంఖ్య మంచిదే, కానీ సమాన ఓట్ల నియమం ఎలాగూ రాయాల్సిందే.

ఇక ఎవరు అన్నది. ఒక్కో రకం సభ్యుడి గురించి మూడు ప్రశ్నలు వేసుకుని జవాబులు రాయండి: మాట్లాడవచ్చా? ఓటు ఉందా? కోరం (సమావేశం చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) లెక్కలోకి వస్తారా? ఎన్నికైన సభ్యులకు మూడింటికీ అవును. ప్రత్యేక ఆహ్వానితులకు మాట మాత్రమే. పరిశీలకులకు అధ్యక్షుడు అనుమతిస్తే మాట, లేకపోతే అదీ లేదు. చిక్కు వచ్చేది హోదా రీత్యా సభ్యులతోనే. సంస్థ అధ్యక్షుడు అన్ని ఉపసంఘాల్లోనూ హోదా రీత్యా సభ్యుడని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే, ఆయన ఎనిమిది కమిటీల్లోనూ కోరం లెక్కలోకి వస్తారు, ఎనిమిదింటికీ హాజరు కాలేరు. దానివల్ల ప్రతి కమిటీలోనూ ఒక శాశ్వత గైర్హాజరు తయారవుతుంది. హోదా రీత్యా వచ్చేవారికి ఓటు ఇవ్వదలచుకుంటే ఇవ్వండి, కానీ వాళ్లు వచ్చినప్పుడే లెక్కలోకి తీసుకోవాలని రాయండి. హోదా పోయిన రోజే సభ్యత్వమూ పోతుందని కూడా రాయండి. ఈ రెండో మాట చాలా నియమావళుల్లో కనిపించదు.

కో-ఆప్షన్‌కు, అంటే కమిటీయే బయటివారిని సభ్యులుగా తీసుకోవడానికి, రెండు కట్టుబాట్లు పెట్టండి. అలా వచ్చినవారి సంఖ్య ఎన్నికైనవారిలో మూడో వంతు మించకూడదు. మరొకరిని కో-ఆప్ట్ చేసే ఓటులో వాళ్లు పాల్గొనకూడదు. ఈ రెండో కట్టు లేకపోతే ఒక వర్గం తనవాళ్లను ఒకరి వెనుక ఒకరిగా తెచ్చుకోగలుగుతుంది.

సభ్యులు వ్యక్తులుగా కాక శాఖలకో అనుబంధ సంఘాలకో ప్రతినిధులుగా వస్తుంటే, పెద్దవాటికి ఎక్కువ ఓట్లు ఇవ్వాలా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇక్కడ కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చోవాల్సిందే. 1958లో, నేటి యూరోపియన్ యూనియన్‌కు పూర్వరూపమైన యూరోపియన్ ఆర్థిక సముదాయంలో ఆరు దేశాలు ఉండేవి. మంత్రుల మండలిలో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీలకు తలా 4 ఓట్లు, బెల్జియం, నెదర్లాండ్స్‌లకు తలా 2, లక్సెంబర్గ్‌కు 1. మొత్తం 17. సముదాయపు కార్యనిర్వాహక సంస్థ అయిన కమిషన్ పంపిన ప్రతిపాదన మీద విశేష మెజారిటీతో ఓటు జరిగితే నెగ్గడానికి 12 కావాలి. ఇప్పుడు లెక్క చూడండి. మిగతా అయిదు దేశాల ఓట్లన్నీ సరిసంఖ్యలే. వాటిని ఎలా కలిపినా 11 రాదు. 10 వస్తే లక్సెంబర్గ్ చేరినా 11 మాత్రమే అవుతుంది, 12 వస్తే లక్సెంబర్గ్ అవసరమే లేదు. అంటే ఆ దేశానికి ఓటు ఉంది కానీ, అలాంటి ప్రతిపాదనల్లో ఆ ఓటు ఫలితాన్ని మార్చే సందర్భం ఒక్కటి కూడా రాదు. తర్వాతి సభ్యదేశాలు చేరి 1973లో ఓట్లు మార్చేవరకు ఈ పరిస్థితే ఉంది.

మీరు ఓట్ల బరువులు పెడుతుంటే ఇదే పరీక్ష చేయండి: ప్రతి సభ్యుడి విషయంలోనూ "ఇతను మనసు మార్చుకుంటే ఫలితం మారే కలయిక కనీసం ఒకటైనా ఉందా?" అని. లేకపోతే ఆ సభ్యుడిని మీరు పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టారు, అంతకన్నా ఏమీ ఇవ్వలేదు. బరువులకు బదులు రెండు షరతులు ఒకేసారి పెట్టే పద్ధతి నాకు మరింత న్యాయంగా కనిపిస్తుంది. యూరోపియన్ యూనియన్ మండలి 2014 నవంబరు నుంచి అదే పాటిస్తోంది: సాధారణంగా సభ్యదేశాల్లో 55 శాతం ఒప్పుకోవాలి, వాటి జనాభా యూనియన్ మొత్తంలో 65 శాతం ఉండాలి. చిన్నవాళ్లంతా కలిసి పెద్దవాళ్ల మీద రుద్దలేరు, పెద్దవాళ్లు కొందరే కలిసి చిన్నవాళ్ల మీద రుద్దలేరు. మీ శాఖల సంఖ్య, మొత్తం సభ్యుల సంఖ్య పెట్టుకుని ఇలాంటి జంట షరతు తేలిగ్గా రాసుకోవచ్చు.

మూడో మెట్టు: పదవీకాలం, ఖాళీలు, తొలగింపు

అందరి పదవీకాలమూ ఒకే రోజు ముగిస్తే మర్నాడు పని తెలిసినవారు ఒక్కరూ ఉండరు. విడతలవారీగా మార్చండి. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో శాశ్వతం కాని 10 స్థానాలకు రెండేళ్ల కాలపరిమితి. ఏటా అయిదు మారతాయి, దిగిపోయిన దేశం వెంటనే మళ్లీ పోటీ చేయకూడదు. మీ కమిటీ కొత్తదైతే మొదటి విడతలో ఎవరిది ఒక ఏడాది, ఎవరిది రెండేళ్లు అన్నది చీటీ తీసి నిర్ణయించండి. ఆ సంగతి ఎన్నికకు ముందే చెప్పండి.

ఖాళీ ఏర్పడితే ఎన్ని రోజుల్లో నింపాలి, ఎవరు నింపాలి, వచ్చినవారు మిగిలిన కాలానికేనా పూర్తి కాలానికా, ఇవి మూడూ రాయాలి. రాజీనామా ఎప్పటినుంచి అమల్లోకి వస్తుందో కూడా. ఉత్తరం ఇచ్చిన రోజా, కమిటీ ఆమోదించిన రోజా? నా ఓటు ఉత్తరం అందిన రోజుకే. ఆమోదం కోసం ఆగితే, రాజీనామా చేసిన మనిషి లెక్కలో ఉన్నాడో లేడో ఎవరికీ తెలియని కొన్ని వారాలు మిగులుతాయి.

తొలగింపు గురించి రాయడానికి అందరికీ మొహమాటం. అయినా రాయండి, ఎందుకంటే రాయకపోతే కోపం వచ్చిన రోజున మెజారిటీ తనకు తోచినట్టు చేస్తుంది. ముందస్తు సమాచారం లేకుండా వరుసగా మూడు సమావేశాలకు రాకపోతే సభ్యత్వం ఆగుతుంది అన్నది చాలా చోట్ల పనిచేసే నియమం. అయితే దానంతటదే పోకుండా, ఒక నోటీసు, జవాబుకు రెండు వారాలు, ఆ తర్వాతే నిర్ణయం అని ఉండాలి. ఎన్నికైన సభ్యుడిని తొలగించే అధికారం ఎన్నుకున్నవారికే ఉండాలి, తోటి కమిటీ సభ్యులకు కాదు. దీనిమీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. తోటివాళ్లు తొలగించగలిగితే ఇబ్బందికరమైన ప్రశ్నలు అడిగేవాళ్లే ముందు పోతారు.

నాలుగో మెట్టు: కోరం

కోరం అంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు. దీన్ని ఎక్కువగా పెడితే కమిటీ బాధ్యతగా పనిచేస్తుందని అనుకుంటారు. జరిగేది చాలాసార్లు తలకిందులు.

ఇరవై మంది ఉన్న కమిటీ, కోరం పదకొండు అనుకోండి. ఒక ప్రతిపాదనకు పదిమంది అనుకూలం, ముగ్గురు వ్యతిరేకం, మిగతా ఏడుగురికి ఆ రోజు తీరలేదు. ఆ ముగ్గురూ వచ్చి వ్యతిరేకంగా ఓటేస్తే పదమూడు మంది హాజరు, కోరం ఉంది, పది మూడుతో ప్రతిపాదన నెగ్గుతుంది. ఆ ముగ్గురూ ఇంట్లో కూర్చుంటే హాజరు పది, కోరం లేదు, ప్రతిపాదన ఆగిపోతుంది. వచ్చి ఓటేసినదానికన్నా రాకుండా ఉంటేనే వాళ్లకు లాభం. అలాంటి నియమం ఉన్నచోట జనాన్ని సమావేశాలకు రమ్మని ఎంత బతిమాలినా ఫలితం ఉండదు.

ఈ ఎత్తు పాతదే. 1840లో ఇలినాయ్ రాష్ట్ర శాసనసభలో అబ్రహాం లింకన్, ఆయన పార్టీ సహచరులు కొందరు కోరం లేకుండా చేయడానికి కిటికీలోంచి దూకారు. అమెరికా ప్రతినిధుల సభలో మరో రకం ఉండేది. సభ్యులు కుర్చీలోనే ఉంటారు, పేరు పిలిస్తే పలకరు. పలకలేదు కాబట్టి లెక్కలోకి రారు, కోరం లేదంటారు. 1890లో స్పీకర్ థామస్ రీడ్ ఆ ఆనవాయితీకి స్వస్తి పలికాడు. ఎదురుగా కూర్చుని పలకనివాళ్ల పేర్లు తానే చదివి హాజరు వేయించాడు. కోరం అంటే అక్కడ ఉన్నవారి లెక్క, ఓటేసినవారి లెక్క కాదని తేలింది. మీ నియమావళిలో కూడా ఆ మాట రాయండి: "సమావేశంలో ఉండి ఓటు వేయనివారు కోరం లెక్కలోకి వస్తారు."

మామూలు పనులకు మూడో వంతు నుంచి సగం లోపు కోరం సరిపోతుంది. కొద్దిమందే వచ్చి పెద్ద నిర్ణయం చేసేస్తారన్న భయం ఉంటే, హాజరు మీద షరతు పెంచకండి, అనుకూల ఓట్ల మీద పెట్టండి. "వేసిన ఓట్లలో మెజారిటీ రావాలి, ఆ అనుకూల ఓట్లు మొత్తం సభ్యుల్లో మూడో వంతుకు తగ్గకూడదు" అని. పై ఉదాహరణలో ఇరవైలో మూడో వంతంటే ఏడుగురు. పదిమంది అనుకూలంగా ఉన్నారు కాబట్టి ఆ ముగ్గురు వచ్చినా రాకపోయినా ఫలితం ఒకటే. ఇక రాకుండా ఉండడంలో లాభం లేదు, వచ్చి మాట్లాడి నలుగురి మనసు మార్చడానికి ప్రయత్నించడమే మిగిలిన దారి.

భిన్నం వచ్చినప్పుడు పై పూర్ణసంఖ్యకు సవరించాలని, కోరం సమావేశం మొదట్లోనే కాక ప్రతి ఓటు సమయంలోనూ ఉండాలని, కోరం లేక వాయిదా పడిన సమావేశం తర్వాత అదే ఎజెండాతో ఎన్ని రోజులకు జరపవచ్చో కూడా రాయండి.

అయిదో మెట్టు: మెజారిటీ

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. పదిహేను మంది కమిటీ అనుకోండి. తొమ్మిది మంది వచ్చారు. నలుగురు అనుకూలం, ముగ్గురు వ్యతిరేకం, ఇద్దరు తటస్థం. తీర్మానం నెగ్గిందా?

హారం "వేసిన ఓట్లు" అయితే తటస్థులను వదిలేయాలి. ఏడులో నాలుగు, నెగ్గింది. హారం "హాజరైన సభ్యులు" అయితే తొమ్మిదిలో అయిదు కావాలి, ఓడింది. హారం "మొత్తం సభ్యులు" అయితే ఎనిమిది కావాలి, చాలా దూరంలో ఓడింది. ఒకే గది, అవే చేతులు, మూడు ఫలితాలు. "మెజారిటీతో ఆమోదించాలి" అని రాసి ఊరుకున్న నియమంలో ఈ మూడు అర్థాలూ ఉన్నాయి.

హాజరైనవారిలో మెజారిటీ అన్నప్పుడు తటస్థంగా ఉండడమంటే వ్యతిరేకంగా ఓటేయడమే. తటస్థుడికి ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. అందుకే సాధారణ నిర్ణయాలకు నేను వేసిన ఓట్ల హారాన్నే సూచిస్తాను. ఎటూ తేల్చుకోలేదన్న మనిషిని ఎటువైపూ లెక్కేయకపోవడమే మర్యాద.

తటస్థత, గైర్హాజరు గురించి స్పష్టంగా రాయకపోతే ఎంత దూరం వెళ్తుందో భద్రతా మండలి చరిత్రలో ఉంది. ప్రక్రియకు సంబంధించని నిర్ణయాలకు శాశ్వత సభ్యదేశాల సమ్మతి ఓట్లు కూడా ఉండాలని సమితి చార్టర్ 27వ అధికరణ చెబుతుంది. శాశ్వత సభ్యదేశం ఓటే వేయకపోతే? అసలు రాకపోతే? చైనా స్థానం ఎవరిదన్న వివాదంలో నిరసనగా 1950లో సోవియట్ యూనియన్ మండలికి రావడం మానేసింది. ఆ జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది, తీర్మానాలు సోవియట్ ప్రతినిధి లేకుండానే ఆమోదం పొందాయి. అవి చెల్లవని సోవియట్ యూనియన్ వాదించింది. తటస్థంగా ఉండడం వీటో కిందకు రాదన్న ఆచారాన్ని అంతర్జాతీయ న్యాయస్థానం 1971లో నమీబియాపై ఇచ్చిన సలహా అభిప్రాయంలో సమర్థించింది. ప్రపంచంలోని పెద్ద తలకాయలు కూర్చుని రాసిన పత్రంలోనే ఈ ఖాళీ మిగిలిపోయింది. మీరు రాసేదానిలో మిగలకుండా ఒక పంక్తి చేర్చడం తేలికే.

అంకెల మాటల్లోనూ జాగ్రత్త. "సగం ప్లస్ ఒకటి" అని రాస్తారు చాలామంది. తొమ్మిది ఓట్లలో సగం నాలుగున్నర, ఒకటి కలిపితే అయిదున్నర, అంటే ఆరు కావాలని వాదించేవాళ్లు వస్తారు. అయిదు చాలునని అందరూ అనుకుంటున్నప్పుడే వస్తారు. "51 శాతం" కూడా వద్దు. 199 ఓట్లలో సగానికి మించి అంటే 100, 51 శాతం అంటే 102. "సగం కన్నా ఎక్కువ" అని రాయండి, ఏ సంఖ్యకైనా పనికొస్తుంది.

మూడు స్థాయిలు సాధారణంగా సరిపోతాయి. రోజువారీ నిర్ణయాలకు వేసిన ఓట్లలో సగం కన్నా ఎక్కువ. చర్చను మధ్యలో ముగించడం, ఎజెండాలో లేని అంశాన్ని తీసుకోవడం లాంటి, సభ్యుల హక్కులను తగ్గించే పనులకు వేసిన ఓట్లలో మూడింట రెండు వంతులు. నియమావళి సవరణ, ఆస్తుల అమ్మకం, విలీనం, రద్దు లాంటివాటికి మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు. ఈ మూడింట రెండు వంతుల సంప్రదాయానికి చాలా వయసుంది. పోప్ ఎన్నికలో జంట పోప్‌ల గొడవలు పడలేక 1179లో మూడో లాటరన్ మండలి అనే చర్చి మహాసభ, పోప్‌ను ఎన్నుకునే కార్డినళ్ల ఓట్లలో మూడింట రెండు వంతులు ఉండాలని నిర్ణయించింది. మెజారిటీ స్పష్టంగా ఉంటే ఓడినవాళ్లు వేరు కుంపటి పెట్టలేరని దాని ఉద్దేశం. దానికీ ఖరీదు ఉంది. 1268లో మొదలైన ఎన్నిక 1271 దాకా తేలలేదు. ఎక్కువ మెజారిటీ అడిగిన చోటల్లా ఇలాంటి ప్రతిష్టంభనకు దారి ఉంటుంది. "మూడు విడతల్లోనూ తేలకపోతే ఏం చేయాలి" అన్న వాక్యం లేకుండా పెద్ద మెజారిటీ పెట్టకండి.

"మాది ఏకాభిప్రాయం, మాకు ఓట్లెందుకు?" అనే కమిటీలు ఉంటాయి. ఆ స్నేహం నాకు ఇష్టమే, కానీ దాన్ని నియమంగా రాయకండి. పోలండ్ పార్లమెంటులో ఏ ఒక్క సభ్యుడు ఒప్పుకోనన్నా సమావేశం మొత్తం రద్దయ్యే పద్ధతి ఉండేది. 1652లో ఒక సభ్యుడు అలా సమావేశాన్ని ముగించాడు. తర్వాత పొరుగు రాజ్యాలు ఒక్కరిని కొనుక్కుంటే చాలు, ఏ సంస్కరణైనా ఆగిపోయేది. 1791 మే 3 రాజ్యాంగం దాన్ని రద్దు చేసేసరికి దేశంలో కొంత భాగం పరాయిపాలైంది, నాలుగేళ్లలో మిగతాదీ పోయింది. మధ్యేమార్గం ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్‌లో కనిపిస్తుంది. అక్కడ స్థూల ఏకాభిప్రాయం చాలు. అభ్యంతరం చెప్పినవారి కారణాన్ని నిజంగా పరిశీలించి జవాబు చెప్పాలి, కానీ వాళ్లు ఒప్పుకునేదాకా ఆగనక్కర్లేదు. మీ కమిటీకి రాయాలంటే: "ముందు ఏకాభిప్రాయానికి ప్రయత్నించాలి. రెండు సమావేశాల్లో కుదరకపోతే ఓటు."

ఆరో మెట్టు: ఓట్లు సమానమైతే

అధ్యక్షుడికి నిర్ణాయక ఓటు అని అలవాటుగా రాసేస్తారు. ఆయనకు ముందొక ఓటు, సమానమైతే మరో ఓటు ఉందా, లేక సమానమైనప్పుడే ఓటా? మొదటిదైతే అధ్యక్షుడు రెండు ఓట్ల మనిషి. నాకది నచ్చదు. బ్రిటిష్ కామన్స్ సభలో స్పీకర్ డెనిసన్ 1867లో చెప్పిన సూత్రం ఒకటుంది: మెజారిటీ లేని నిర్ణయాన్ని స్పీకర్ ఓటు సృష్టించకూడదు. చర్చ కొనసాగేలా, లేదా ఉన్న పరిస్థితి మారకుండా ఓటేయాలి. చిన్న కమిటీకి ఇంకా సులువైన మాట ఉంది. అందరిలాగే అధ్యక్షుడికీ ఒక ఓటు, సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే. మెజారిటీ రాలేదు కదా. పదవుల ఎన్నికల్లో మాత్రం ఎవరో ఒకరు కావాలి కాబట్టి ఒకసారి మళ్లీ ఓటు, అప్పటికీ సమానమైతే చీటీ.

ఏడో మెట్టు: మూడు ప్రతిపాదనలు ఉన్నప్పుడు

అవును, కాదు అన్న ప్రశ్న తేలిక. మూడు దారులు ఉంటే కమిటీలు తెలియకుండానే పొరపాటు చేస్తాయి. తొమ్మిది మందిలో ముగ్గురికి మొదట కొత్త భవనం, తర్వాత మరమ్మతు, చివర అద్దె. ఇంకో ముగ్గురికి మరమ్మతు, అద్దె, భవనం ఆ వరుసలో. మిగిలిన ముగ్గురికి అద్దె, భవనం, మరమ్మతు. రెండేసి పెట్టి అడగండి: భవనం మరమ్మతును ఆరు మూడుతో ఓడిస్తుంది, మరమ్మతు అద్దెను ఆరు మూడుతో ఓడిస్తుంది, అద్దె భవనాన్ని ఆరు మూడుతో ఓడిస్తుంది. 1785లో ఫ్రెంచ్ గణితవేత్త కొండోర్సే చూపించిన చక్రం ఇది. ఇలాంటి చోట ముందు ఏ రెండింటిని ఓటుకు పెట్టాలో నిర్ణయించేవారే ఫలితాన్నీ నిర్ణయిస్తారు. ఎజెండా రాసే కార్యదర్శి చేతిలో ఉన్న ఈ అధికారం బయటికి కనిపించదు. ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, అది ఒక్కరి చేతిలో ఉండకూడదు.

పద్ధతిని ముందే రాసిపెట్టండి. నేను సూచించేది: ప్రతి విడతలో తక్కువ ఓట్లు వచ్చినది తప్పుకుంటుంది, రెండు మిగిలేదాకా ఇలాగే. గెలిచినదాన్ని చివర్లో "ఇది కావాలా, ఏదీ వద్దా" అని విడిగా ఓటుకు పెట్టాలి. ఈ పద్ధతీ చక్రం నుంచి పూర్తిగా తప్పించదు, కానీ వరుసను ఒక్కరు ఎంచుకునే వీలు పోతుంది. చివరి ప్రశ్న మాత్రం వదలకండి. దాన్ని వదిలేస్తే, అసలు ఖర్చే వద్దనుకునే మెజారిటీ మూడు ఖర్చుల్లో ఒకదాన్ని ఎంచుకోవాల్సి వస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఓటు ఎలా వేస్తారు, ఎవరు వేయకూడదు

వ్యక్తుల గురించిన ఓటు రహస్యంగా, డబ్బు గురించిన ఓటు బహిరంగంగా, పేర్లతో మినిట్స్‌లోకి ఎక్కేలా. మిగతావి చేతులెత్తి. ఎవరైనా ఒకరు లెక్కపెట్టమని అడిగితే లెక్కపెట్టి తీరాలి.

ప్రాక్సీ, అంటే రానివారి తరఫున మరొకరు ఓటేయడం, వద్దనే నా సలహా, ఎందుకంటే కమిటీ సమావేశం విని మనసు మార్చుకునే చోటు. తప్పనిసరైతే ఒకరి చేతిలో ఒక ప్రాక్సీకి మించకూడదు, అది ఆ ఒక్క సమావేశానికే చెల్లాలి, కోరం లెక్కలోకి రాకూడదు. ఆన్‌లైన్‌లో హాజరైనవారిని హాజరైనట్టే లెక్కించవచ్చు, మాట వినబడి తిరిగి మాట్లాడగలిగితే. ఈమెయిల్ ద్వారా తీర్మానం చేయాలంటే అందరికీ పంపాలి, కనీసం అయిదు రోజుల గడువు ఇవ్వాలి, మౌనాన్ని అంగీకారంగా లెక్కించకూడదు, ఏ ఇద్దరు సభ్యులు అడిగినా ఓటు ఆపి సమావేశం పిలవాలి.

సొంత ప్రయోజనం ఉన్న సభ్యుడు ముందే చెప్పి, చర్చలో అడిగినదానికి జవాబిచ్చి, ఓటు సమయంలో బయటికి వెళ్లాలి. వెళ్లినవారు హారంలో ఉంటారా? ఉంటారంటే, మొత్తం సభ్యుల మెజారిటీ కావాల్సిన చోట నిజాయతీగా తప్పుకున్న మనిషి వ్యతిరేకంగా ఓటేసినట్టవుతుంది. కాబట్టి ఆ ఒక్క అంశానికి వాళ్లను మొత్తం నుంచి తీసేయాలని రాయండి. అలా తీసేశాక సగం మంది కూడా మిగలకపోతే ఆ నిర్ణయం సర్వసభ్య సమావేశానికి వెళ్లాలి.

తొమ్మిదో మెట్టు: సవరణ, ఆ తర్వాత పరీక్ష

సవరణకు కావాల్సిన మెజారిటీ నియమావళిలో ఉన్న అతి పెద్ద మెజారిటీకి తగ్గకూడదు. తగ్గితే, ఆస్తి అమ్మడానికి మూడింట రెండు వంతులు లేనివాళ్లు ముందు నియమాన్ని సాధారణ మెజారిటీతో మార్చి, అదే రోజు అమ్మేస్తారు. సవరణ పాఠం పదిహేను రోజుల ముందు అందరికీ అందాలి. ఓటింగ్ నియమాల మార్పు ఆ సమావేశానికి వర్తించకూడదు, తర్వాతి సమావేశం నుంచే అమలు కావాలి.

ముసాయిదా పూర్తయ్యాక దాన్ని ఆమోదానికి పెట్టకముందు ఒక సాయంత్రం కేటాయించండి. ముసాయిదా రాయడంలో పాల్గొనని ఇద్దరికి ఇచ్చి, వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకే రకం ప్రశ్నలు ఇవ్వండి. రెండు ఖాళీలున్నాయి, ఒకరు తటస్థం, ఒకరు స్వప్రయోజనం వల్ల బయట ఉన్నారు, సవరణ నెగ్గడానికి ఎన్ని ఓట్లు కావాలి? ఓటు మధ్యలో ఇద్దరు లేచి వెళ్లిపోతే ఆ ఓటు చెల్లుతుందా? అధ్యక్షుడే తొలగింపును ఎదుర్కొంటున్నాడు, సమావేశం ఎవరు నడుపుతారు? రాజీనామా ఉత్తరం ఉదయం అందింది, సాయంత్రం ఆ సభ్యుడే ఓటుకు వచ్చాడు, వేయనివ్వాలా? ఇద్దరూ ఒకే జవాబు రాస్తే ఆ నియమం సరిగ్గా ఉంది. వేర్వేరు జవాబులు రాస్తే వాళ్లలో ఎవరు సరైనవారో వాదించకండి, వాక్యం మార్చండి.

మా తొమ్మిది మంది కమిటీ చివరికి చేర్చుకున్న వాక్యాలు ఇవి, కావాలంటే మీరు తీసుకోవచ్చు: "ఈ నియమావళిలో మొత్తం సభ్యులు అంటే ఓటు జరిగే సమయానికి పదవిలో ఉండి, ఓటు హక్కు ఉన్న సభ్యులు. ఖాళీ స్థానాలు, ఆ అంశంపై స్వప్రయోజనం వల్ల తప్పుకున్నవారు ఈ లెక్కలోకి రారు. ఖాళీలు మంజూరైన స్థానాల్లో మూడో వంతు దాటితే, అవి నిండేవరకు కమిటీ రోజువారీ పనులు తప్ప మరే నిర్ణయమూ తీసుకోరాదు."